ప్రెందె అమ్మవారి కోళ్లు

కోటు బొత్తాం ఊడింది. బారీలో ఉన్న రెండేళ్లూ కుట్టుపని పడినప్పుడల్లా నేను కింది వాటాలో ఉండే ఆల్బేనియా ఆవిడ దగ్గరికే వెళ్లేదాన్ని. బారీ అంటే ఇటలీకి ఆగ్నేయాన, ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉన్న రేవు పట్నం. ఆ నీళ్లకు అవతలి గట్టు ఆల్బేనియా. 1991 ఆగస్టు 8న వ్లోరా అనే సరుకుల ఓడలో సుమారు 20,000 మంది ఆల్బేనియన్లు ఒక్కసారిగా వచ్చి దిగింది ఈ రేవులోనే. కింది వాటా ఆవిడ ఆ తర్వాత కొన్నేళ్లకు, ఉత్తరాన ష్కోద్ర పట్నం పైనున్న కొండల నుంచి వచ్చిందట. మెట్ల మీద ఎదురైన వాళ్లందరూ ఆమెను ‘తెతా’ అనేవారు, మనం అత్తయ్యా అన్నట్టు. నేనూ అలాగే పిలిచాను. ఆమె నన్ను ‘మోయ్’ అనేది. ఆడవాళ్లను పిలిచేటప్పుడు వాడే మాట అది, మన ‘ఏమ్మా’ లాంటిది.

ఆ సాయంత్రం తెతా కోటు అందుకుని, బొత్తాం జేబులో ఉందో లేదో తడిమి చూసి, మడిచి కుర్చీ మీద పెట్టింది. “రేపు” అంది. సూదుల డబ్బా ఆమె మోచేతి పక్కనే ఉంది. రెండు నిమిషాల పనే కదా అన్నాను. “ఇవాళ ఎ ప్రెమ్తె” అంది, ఇక మాట్లాడేదేమీ లేనట్టు.

ఆ మాట నాకు కొత్త. ఆ గొంతు మాత్రం చిన్నప్పటినుంచీ తెలుసు. “ఇవాళ శుక్రవారం” అనడానికి మా అమ్మమ్మ వాడిన గొంతే అది. పాలవాడికి డబ్బులు రేపు. బూజు దులపడం రేపు. గోళ్లు తీసుకోవడం రేపు. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను అత్తవారింటికి పంపడం అంతకన్నా రేపు. ఎందుకని అడిగితే జవాబు ఉండేది కాదు. శుక్రవారం అనే మాటే జవాబు.

ఎ ప్రెమ్తె అంటే శుక్రవారమేనని ఆ రాత్రి తెలిసింది. ఆ రోజుకు ఒక దేవత ఉందనీ తెలిసింది. ప్రెందె అంటారు, ప్రెమ్తె అంటారు, ప్రెన్నె అని కూడా అంటారు. ఉత్తర ఆల్బేనియా కాథలిక్కులకు ఆమె జోయ ప్రెందె. ‘జోయ’ అంటే దొరసాని, అమ్మవారు. ఏసు తల్లి మరియమ్మను పిలిచేదీ ఆ మాటతోనే. అందానికి అమ్మవారు అని కూడా ప్రెందెకు పేరు. శుక్రవారం పుట్టిన ఆడపిల్లకు ప్రెందా అని పేరు పెట్టడం ఆ కొండల్లో మామూలు. మగవాళ్లలో ప్రెంద్ ఉన్నారు, ఇంటిపేరు ప్రెంది ఉన్నవాళ్లూ ఉన్నారు.

ఇంతవరకు బాగానే ఉంది. అక్కడినుంచి ఇంటర్నెట్టులో ఆమె మీద దొరికేదంతా చదువుతూ పోయేసరికి నాకు చిరాకు మొదలైంది. ‘ఆల్బేనియా వీనస్’ అట. ప్రేమకు, అందానికి, వేకువకు, సంతానానికి, ఆరోగ్యానికి, స్త్రీల రక్షణకు అధిదేవత అట. ఆకాశదేవుడు పెరెందికి భార్య అట. వానకోవెల పిట్టలు లాగే రథం, ఇంద్రధనుస్సు నడికట్టు, గాలికి ఎగిరే జుట్టు. అలాంటి బొమ్మలు డజన్ల కొద్దీ ఉన్నాయి, అన్నింటిలోనూ ఆమెది ఒకే ముఖం. జానపదుల దేవతలు ఇంత శుభ్రంగా ఉండరు. మన పోలేరమ్మకు ఒక ఊళ్లో ఆరుగురు అక్కచెల్లెళ్లు, పక్క ఊళ్లో పోతురాజు ఒక్కడే తోడు, మూడో ఊళ్లో ఆమె ఒంటరిగా వేపచెట్టు కింద రాయి. వంశవృక్షం పక్కాగా ఉందంటే అది ఊళ్లో పుట్టింది కాదు, బల్ల ముందు కూర్చున్న వాళ్లెవరో గీసింది అని నేను అనుకుంటాను.

పెరెంది సంగతే చూడండి. ఆల్బేనియా భాషలో ఆ మాటకు దేవుడు అని అర్థం; సూర్యాస్తమయానికి, పడమటి దిక్కుకు వాళ్ల మాట పెరెందిమ్. మాటలో ‘రెంద్’ వినిపించింది కాబట్టి ప్రెందెను పక్కన కూర్చోబెట్టి పెళ్లి చేసినట్టుంది తప్ప, ఆ కొండల ఆడవాళ్లు ఈ దంపతులకు కలిపి పూజ చేశారంటే నమ్మడానికి నాకు ఇంకొంచెం గట్టి ఆధారం కావాలి. శబ్దం చెవికి తగిలిందని చుట్టరికం కలపకూడదు. ఆ లెక్కన మనం ప్రెమ్తె వినగానే ‘ప్రేమ’ అని చప్పట్లు కొట్టవచ్చు. తమాషా ఏమిటంటే ప్రేమకు, ప్రియకు నిజంగా చుట్టమైన శుక్రవారం ఇంగ్లీషులో ఉంది. వాళ్ల ఫ్రైడే ఫ్రిగ్ అనే దేవత పేరు మీదుగా వచ్చింది; ఆ పేరు వెనకున్న ధాతువు మన ‘ప్రియ’ వెనకున్నదే. చెవికి అసలు తగలని చోట బంధుత్వం ఉంది. చెవికి ఇట్టే తగిలే ప్రెమ్తె ఎక్కడి మాట అన్నదాని మీద మాత్రం భాషా పండితులు ఈనాటికీ ఒక మాట మీదికి రాలేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రెందెకు గుడి, పురాణం, మొగుడు వెతకడం దండగ. ఆ దేవత ఉండే చోటు వారంలో ఒక రోజు. ఆమెను నమ్మిన ఆడవాళ్లు నమ్మింది ఆ రోజును.

ఆల్బేనియా వారాలు ఒకసారి వరసగా చదవండి. సోమవారం ఎ హెన. హెన అంటే చంద్రుడు. మంగళవారం ఎ మార్త, అంటే మార్స్. బుధవారం ఎ మర్కుర, మెర్క్యురీ. శనివారం ఎ ష్తున, శాటర్న్. ఆదివారం ఎ దియెల్. దియెల్ అంటే సూర్యుడు. సోమ, మంగళ, బుధ, శని, ఆది: ఐదు రోజులు మన వరసకు అచ్చు గుద్దినట్టు సరిపోతాయి. ఆశ్చర్యపడనక్కరలేదు. గ్రీకు, రోమన్ ప్రపంచంలో కుదురుకున్న గ్రహాల వారం పడమటికీ వెళ్లింది, తూర్పుకీ వచ్చింది. మన దేశంలో వారం పేరుతో సహా తేదీ వేసిన పాత శాసనాల్లో బాగా పేరున్నది మధ్యప్రదేశ్‌లోని ఏరణ్ స్తంభం మీదిది. బుధగుప్తుడి కాలం, క్రీ.శ. 484, ‘సురగురు దివసం’, అంటే గురువారం. మనకూ ఆల్బేనియన్లకూ ఈ విషయంలో బాకీ ఒకే దుకాణంలో ఉంది.

మిగిలిన రెండు రోజుల దగ్గర వాళ్లు దారి తప్పారు. గురువారం జూపిటర్‌కు దక్కలేదు. ఎ ఎన్యతె అన్నారు. అది మరుగున పడిన ఒక అగ్నిదేవుడి పేరని పండితుల ఊహ. శుక్రవారం వీనస్‌కు దక్కలేదు. రుమేనియన్లు వీనస్ పేరును ‘వినేరి’గా అలాగే ఉంచుకుంటే, ఆల్బేనియన్లు ఎ ప్రెమ్తె అన్నారు. అరువు తెచ్చుకున్న వారంలో ఐదు రోజులను ఉన్నదున్నట్టు తీసుకుని, ఈ రెండు చోట్లా ఇంటి మనుషులను కూర్చోబెట్టారంటే, అప్పటికే అక్కడ ఎవరో ఉండి ఉండాలి. ప్రెందె పాతకాలపు దేవతే అనేవాళ్ల చేతిలో ఉన్న గట్టి ఆధారం నా దృష్టిలో ఇదే. రథం బొమ్మలు గీసే వాళ్లెవరూ దీన్ని ముందుకు తేకపోవడం నాకు వింతగా ఉంటుంది.

వ్యాకరణం సంగతి ఒకటి. ఆ ‘ఎ’ ఉత్తి అక్షరం కాదు. ఆల్బేనియా భాషలో స్త్రీలింగానికి ముందు వచ్చే గుర్తు అది. పగలు, రోజు అనే అర్థమున్న ‘దిత’ అనే మాటే స్త్రీలింగం కాబట్టి వారాలన్నీ ఆడవే. మనకు శుక్రవారం ‘వచ్చింది’ అంటే అది అమహత్తు, చెట్టూ పుట్టా లాంటిది. తెతా “వచ్చింది” అంటే ఒక ఆడమనిషి గడపలోకి వచ్చినట్టే.

అలాగని మనం ఏమీ తక్కువ తినలేదు. శుక్రుడు ఎవరు? రాక్షసుల గురువు, ఒంటికన్ను బ్రాహ్మడు. ఆయన పేరున్న రోజును మన ఆడవాళ్లు ఎప్పుడు తీసుకుపోయి లక్ష్మీదేవికి అప్పగించారో ఎవరూ రాసిపెట్టలేదు. శ్రావణ శుక్రవారం కలశం ముందు కూర్చున్న ఏ ఇల్లాలికీ శుక్రాచార్యుడు గుర్తుకురాడు. పంచాంగం ఒకటి చెబుతుంది, గడపకు రాసిన పసుపు ఇంకొకటి చెబుతుంది, రెండూ ఒకే ఇంట్లో హాయిగా ఉంటాయి.

తెతా ఇంట్లో ఇంకా ఎక్కువ మంది ఉన్నారు. ప్రెందె పండగ జులై 26. ఆ తేదీ చుట్టూ ఎంత మంది చేరారో చూస్తే తల తిరుగుతుంది. రోమన్ కాథలిక్కులకు అది మరియమ్మ తల్లి అన్నమ్మ పండగ. అందుకే ఉత్తరాదిలో ప్రెందె అంటే అన్నమ్మే అనేవాళ్లు ఉన్నారు. గ్రీకు ఆర్థొడాక్స్ క్రైస్తవులకు అదే రోజు సెయింట్ పరస్కెవి పండగ. పరస్కెవి అంటే గ్రీకులో శుక్రవారం; ఇంకా వెనక్కి వెళితే, మర్నాటి సబ్బాతుకు, అంటే యూదుల విశ్రాంతి దినానికి, సిద్ధం కావడం అని అర్థం. శుక్రవారం పుట్టింది కాబట్టి ఆ పేరు పెట్టారని ఆమె కథ చెబుతుంది, మన ప్రెందాలకు లాగే. కంటి జబ్బులు నయం చేస్తుందని ఆమెకు వెండి రేకు కళ్లు మొక్కుగా చెల్లిస్తారు, తిరుపతి హుండీలో వేసే వెండి కళ్లకు దగ్గరి చుట్టాలు అవి. ఇటలీలో సిసిలీ దీవిలోని అచిరియాలె పట్నానికి కావలి దేవత సాంటా వెనెరా. పండగ జులై 26, పేరులో ఉన్నది వీనస్ రోజు. ఆ వెనెరాకే ఇంకో రూపం వెనెరాందా, ఆల్బేనియాలో ఆమె షెన్ ఎ ప్రెమ్తె. ‘షెన్’ అంటే పరిశుద్ధుడు, పరిశుద్ధురాలు. పదం పదం విడదీస్తే పరిశుద్ధ శుక్రవారం.

ఈ పరిశుద్ధ శుక్రవారం ఒక్క ఆల్బేనియా సొత్తూ కాదు. రుమేనియా జానపద కథల్లో స్ఫింత వినేరి అనే ముసలమ్మ అడవిలో గుడిసె వేసుకుని ఉంటుంది. దారి తప్పిన పిల్లలకు అన్నం పెట్టి దారి చెబుతుంది. బల్గేరియాలో, సెర్బియాలో ఆమె పేరు పెత్క, వాళ్ల శుక్రవారం పేరులోంచి వచ్చిందే. ఆ పెత్క భౌతికావశేషాలు 1641 నుంచి రుమేనియాలోని యాష్ పట్నంలో ఉన్నాయి, అక్టోబరు 14న వాటిని తాకడానికి జనం బారులు తీరుతారు. రష్యాలో ప్యాత్నిత్స, అంటే అచ్చంగా శుక్రవారం. శుక్రవారం నాడు నూలు వడికే ఆడవాళ్ల వల్ల ఒళ్లంతా సూదులు, కదుళ్లు గుచ్చుకుని రక్తాలు కారుతూ ఆమె ఊళ్లు తిరుగుతుందని నమ్మేవారు. 1551లో మాస్కోలో జరిగిన చర్చి పెద్దల సభ, ప్యాత్నిత్స మాకు కనిపించి బుధ, శుక్రవారాల్లో పని చేయవద్దని చెప్పింది అంటూ ఊళ్లు తిరిగేవాళ్లను తప్పుడు ప్రవక్తలని ఖండించింది. పెద్దలకు కోపం వచ్చిందంటే ఆడవాళ్లు నిజంగానే కదురు పక్కన పెట్టారన్నమాట.

ఇది చూపించి కొందరు తేల్చేస్తారు: ప్రెందె దేవతా కాదు, ఏమీ కాదు, పరస్కెవి, అన్నమ్మ, వెనెరాందా కలిసిపోయి ఏర్పడిన ఒక క్రైస్తవ పుణ్యస్త్రీ, అంతే. ఈ ‘అంతే’ నాకు నచ్చదు. పుణ్యస్త్రీ ఒక్కతే అయితే మూడు చోట్ల వాళ్లు ముగ్గురి పేర్లతో ఒకే తేదీ దగ్గరికి ఎందుకు చేరతారు? ఆ పరిశుద్ధురాలి పేరు ఊరూరా శుక్రవారమే ఎందుకవుతుంది? మనుషుల చరిత్రలు మారుతున్నాయి, రోజు మారడం లేదు. అవతలి వైపు ఉన్నవాళ్లు, క్రైస్తవం పొర గీకేస్తే కింద అచ్చమైన ఇలిరియన్ దేవత (ఇలిరియన్లంటే ఆల్బేనియన్లు తమ పూర్వీకులని చెప్పుకునే ప్రాచీన జాతి) మెరుస్తూ బయటపడుతుందని అంటారు. గీకడం మొదలుపెడితే ఉల్లిపాయ పొరల్లా పోతూనే ఉంటుంది, చేతిలో చివరికి మిగిలేది శుక్రవారమే.

ఇక రోలు సంగతి. ప్రెందె పండగ నాడు ఉత్తర ఆల్బేనియాలో ఆడవాళ్లు ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని, రోలు, రోకలి తెచ్చి బయట పెట్టేవారని రాశారు. ఆ వాక్యం వెంటనే, ఇది స్త్రీపురుష సంయోగానికి చిహ్నం, అని ఇంకో వాక్యం తప్పకుండా వస్తుంది. ఒక రచయిత రాసింది చూసి ఇంకో రచయిత రాసినట్టు, ప్రతిచోటా అదే క్రమం, అదే ఊపు.

కాదని నేను అనడం లేదు. మన పెళ్లిళ్లలో పసుపు దంచేటప్పుడు పాడే పాటలు విన్నవాళ్లెవరూ కాదనలేరు; వదినలు, మరదళ్లు రోకలి మీద వేసే ఎకసెక్కాలకు పెళ్లికూతురు తల ఎత్తలేదు. కానీ పసుపు దంచడం అంటే అంతమాత్రమేనా? రోటిని కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, రోకలికి తోరం కట్టి, ఐదుగురు ముత్తయిదువులు వంతులవారీగా పోటు వేస్తారు. రోజూ చేతులు కాయలు కాసేలా దంచిన పనిముట్టే ఆ రోజు దేవుడి ఎత్తున కూర్చుంటుంది. పండగ నాడు దాన్ని బయట నిలబెట్టడంలో, ఇవాళ నువ్వూ దంచవు నేనూ దంచను అన్నది కూడా ఉంది. పని మానడం శుక్రవారపు ప్రధాన ధర్మం కదా. రోలును చూసి పడకగది ఒక్కటే గుర్తొచ్చిన పండితుడు బహుశా ఎన్నడూ రోలు దగ్గర నిలబడి ఉండడు. (మా ఇంట్లో రోలు ఇప్పుడు తులసికోట పక్కన తలకిందులుగా ఉంది. దాని మీద చెప్పులు ఆరబెట్టవద్దని అమ్మ ఇప్పటికీ తిడుతుంది.)

ఇంద్రధనుస్సు నాకు చాలా ఇష్టమైన భాగం. ఆల్బేనియన్లు దాన్ని జోయ ప్రెందె నడికట్టు అంటారు. మనం ఎన్ని పేర్లు పెట్టుకున్నా, ఇంద్రధనుస్సు, హరివిల్లు, వానవిల్లు, అన్నీ విల్లులే. ఆకాశం వంగిందంటే మనకు ఆయుధమే గుర్తొచ్చింది, అదీ మగదేవుడి చేతిలోది. తెలంగాణ సింగిడి కూడా విల్లే. ఆ కొండల్లో ఆడవాళ్లు ఊలు రంగులు అద్ది, చేతి మగ్గం మీద చారలు చారలుగా నేసుకున్న దట్టి నడుముకు చుట్టుకునేవారు. అలాంటి దట్టి నేసిన చేతికి వాన వెలిశాక ఆకాశంలో ఏం కనబడుతుంది? గ్రీకు కవి హోమర్ కావ్యంలోనూ ప్రేమదేవత ఆఫ్రొడైటీకి ఒక నడికట్టు ఉంది, మోహం అంతా దాంట్లోనే ఉంటుంది, దేవతల రాణి హేరా దాన్ని అరువు అడిగి తీసుకుంటుంది. ఇది చూపించి ఇద్దరూ ఒకటే అంటారు. కావచ్చు. ఆడవాళ్లు నడుముకు దట్టి కట్టే ప్రతిచోటా ఈ కథ విడివిడిగా పుట్టే వీలూ ఉంది. ఇంద్రధనుస్సును దాటిన మనిషి ఆడ అయితే మగ, మగ అయితే ఆడ అయిపోతారని కూడా ఆల్బేనియాలో నమ్ముతారు. ఈ నమ్మకం సెర్బులకు, బల్గేరియన్లకు కూడా ఉంది, కాబట్టి ప్రెందె ఖాతాలో మాత్రమే రాయలేం.

ఇప్పుడు కోళ్లు. వానకోవెలను ఆల్బేనియన్లు ప్రెందెకు అంకితమైన పిట్ట అంటారు. జోయగారి కోళ్లు అని దానికి జానపదంలో పేరు. ఈ పేరు చదివిన రోజు నాకు నవ్వు ఆగలేదు. రివ్వున దూసుకుపోయే ఆ నల్లటి సన్న తోక పిట్టలు, అమ్మవారి పెరట్లో గింజలు ఏరుకునే కోళ్లట. ఆ పేరు పెట్టిన మనిషికి దేవత అంటే దొడ్డి, చూరు, గంప, ఉదయాన్నే గుప్పెడు గింజలు విసరడం. వానకోవెల కూడా ఇంటి చూరు కింద మట్టితో గూడు కట్టుకునే పిట్టే. మార్చి 14న వాళ్లు చేసుకునే దిత ఎ వేరస్ అనే వసంతపు పండగకు ఎరుపు, తెలుపు దారాలు మణికట్టుకు కట్టుకుని, తర్వాత చెట్టుకొమ్మకు వదిలేస్తారు, వానకోవెలలు గూటికి పట్టుకుపోతాయని.

ఆ కోళ్లు కాస్తా చదువుకున్నవాళ్ల చేతిలో పడేసరికి రథానికి కట్టిన గుర్రాలయ్యాయి. ప్రెందె రథాన్ని వానకోవెలలు లాగుతాయి, వాటికి ఇంద్రధనుస్సు పగ్గం. గ్రీకు కవయిత్రి సాఫో ఆఫ్రొడైటీని పిచ్చుకలు లాగే రథంలో రప్పించింది. ఆ కవిత చదివిన వాళ్లెవరో మన కోళ్లను తీసుకెళ్లి ఆ రథానికి కట్టారని నాకు గట్టి అనుమానం. రుజువు చేయలేను. కానీ ఎక్కడైనా కోళ్ల పక్కన రథం కనిపిస్తే, నేను కోళ్లనే నమ్ముతాను.

వేకువ సంగతి దగ్గర మాత్రం నేను ఇంత మొండిగా ఉండలేను. ప్రెందె వేకువ దేవత అనేవాళ్లు ఆమెను ఋగ్వేదంలోని ఉషస్సు, గ్రీకుల ఈయోస్, రోమన్ల ఆరోరా ఉన్న వరసలో నిలబెడతారు. ఆ ముగ్గురూ నిజంగా ఒకే పేరు నుంచి వచ్చినవాళ్లు. ఉషస్సుకు ఋగ్వేదంలో సుమారు 20 సూక్తాలు ఉన్నాయి. ప్రెందెకు ఒక్క సూక్తమూ లేదు, ఆ పేరుకు ఆ ముగ్గురితో చుట్టరికమూ లేదు. కాబట్టి ఆ వరసలోకి నేరుగా తోయడం కుదరదు. ఇంకో దారి ఉంది, అది చుక్క మీదుగా పోయే దారి.

శుక్రగ్రహం సూర్యుడి నుంచి సుమారు 47 డిగ్రీలు దాటి ఎన్నడూ దూరం పోదు. అందుకే నడిరాత్రి నడినెత్తిన కనిపించదు. కనిపిస్తే తెల్లవారేముందు తూర్పున, లేదా పొద్దుగూకాక పడమట. మనం దాన్ని వేగుచుక్క అంటాం. వేగడం అంటే తెల్లవారడం. ధనుర్మాసంలో అమ్మమ్మ వేగుచుక్క పొడిచిందా అని కిటికీలోంచి చూసి ముగ్గుగిన్నె తీసుకునేది. ఆ ఏడు చుక్క సాయంత్రం వైపు ఉంటే కోడికూతే గతి. ఆల్బేనియన్లు శుక్రగ్రహాన్ని అఫర్దిత అంటారు. ‘అఫర్’ అంటే దగ్గర, ‘దిత’ అంటే పగలు. దగ్గరపడ్డ పగలు. వేగుచుక్కకు ఇంతకన్నా చక్కటి పేరు ఏం కావాలి?

ఇక్కడ ఒక పెద్ద జగడం ఉంది. ఆఫ్రొడైటీ అనే గ్రీకు పేరు అసలు మా అఫర్దితలోంచి వచ్చిందే అని చాలామంది ఆల్బేనియన్లు ఇష్టంగా చెబుతారు. ప్రపంచంలోని ప్రతి ఊరి పేరులో తెలుగో సంస్కృతమో కనిపెట్టే మనవాళ్లను చూసిన నాకు ఆ ఉత్సాహం బాగా పరిచయమే. ఇటలీలోని ఇస్కియా దీవిలో దొరికిన ఒక మట్టి పాత్ర మీద, క్రీ.పూ. 8వ శతాబ్దపు గ్రీకు అక్షరాల్లో, ఇందులో తాగినవాణ్ని ఆఫ్రొడైటీ మోహం పట్టుకుంటుంది అని గీసి ఉంది. ఆల్బేనియా భాషలో మనకు దొరికిన తొలి రాత 1462 నాటి ఒక బాప్తిస్మపు వాక్యం. మధ్యలో రెండు వేల ఏళ్లకు పైగా. రాయకముందు కూడా భాష ఉంటుంది, నిజమే. అయినా అంత దూరం దూకాలంటే ఉత్సాహం ఒక్కటే చాలదు. నాకు తోచేది దీనికి తిరగబడ్డ కథ: ఎక్కడినుంచో వచ్చిన పేరు చెవిన పడితే, కొండల్లో ఎవరో దాన్ని తమ మాటల్లోకి విరిచి, అఫర్, దిత అని అర్థం చెప్పుకున్నారు. దేవత పేరు కాస్తా తెల్లవారుజాము అయింది. ఆ మార్పు చేసినవాళ్లు తెల్లవారకముందే లేచి చుక్కను చూసేవాళ్లై ఉండాలి. చుక్క శుక్రుడిది, రోజు శుక్రవారం, రోజుకు ప్రెందె ఉంది. ఆమెకు వేకువ అంటుకుంది ఇక్కడే అనుకుంటాను.

ఈ రెండు పేర్లూ ఒకే ఇంట్లో ఎలా తారసపడ్డాయో తెతా చెప్పింది.

1967లో కమ్యూనిస్టు నేత ఎన్వర్ హొజా ప్రభుత్వం ఆల్బేనియాలో మతాన్ని పూర్తిగా నిషేధించింది. చర్చిలు, మసీదులు, బెక్తాషి సూఫీల మఠాలైన తెక్కెలు మూతపడ్డాయి. ష్కోద్రలోని పెద్ద కాథలిక్ చర్చిని ఆటల హాలుగా మార్చారు. 1976 రాజ్యాంగంలో 37వ అధికరణం, రాజ్యం ఏ మతాన్నీ గుర్తించదు అని రాసుకుంది. అంతకు ముందే, 1975లో, రాజకీయంగా, సిద్ధాంతపరంగా, నైతికంగా తగని పేర్లు మార్చుకోవాలని డిక్రీ వచ్చింది. మతం వాసన ఉన్న పేర్ల బదులు ఇలిరియన్ పేర్లు పెట్టుకోమన్నారు. తెఉతా అనో, అగ్రోన్ అనో. గ్రీకు చరిత్రకారుల పుస్తకాల్లోంచి తవ్వి తీసిన ప్రాచీన రాణి పేరు బిడ్డకు పెట్టుకోవచ్చు. ఎన్నడూ ఎవరూ తవ్వాల్సిన అవసరం రాకుండా అమ్మమ్మ నుంచి మనవరాలికి వచ్చిన ప్రెందా మాత్రం కాథలిక్ పేరు. తెతా వాళ్ల అక్క ఇంట్లో ప్రెందా. బడి పట్టీలో అఫర్దిత. “శుక్రవారాన్ని తీసేసి తెల్లవారుజాము రాశారు” అని తెతా పొట్ట పట్టుకుని నవ్వింది. “అది మాత్రం ఏ పేరుతో పిలిచినా పలికేది కాదు. మొండిది.”

ఇన్ని నిషేధించిన ప్రభుత్వం, ప్రతి వారం పత్రికల మీద, రైలు పట్టికల మీద, జీతాల చీటీల మీద ఎ ప్రెమ్తె అని అచ్చు వేస్తూనే ఉంది. శుక్రవారాన్ని రద్దు చేయాలని వాళ్లకు తట్టలేదు, ఎందుకంటే అక్కడ ఎవరైనా ఉంటారని వాళ్లకు తెలియదు. 1990 నవంబరు 4న ష్కోద్ర శ్మశానంలోని చిన్న ప్రార్థనాలయంలో మళ్లీ బహిరంగంగా పూజ జరిగేనాటికి, మూతపడిన దేవుళ్లందరూ దాదాపు పాతికేళ్ల దుమ్ము దులుపుకోవాల్సి వచ్చింది. ప్రెందె ఒక్కతే వారానికోసారి హాజరు పలికింది. ఆ దేశంలో ముస్లింలు కూడా ఎక్కువే. వాళ్లు జుమా నమాజుకు వెళ్లే రోజు పేరు కూడా ఎ ప్రెమ్తె.

దేవతను తీసుకెళ్లి క్యాలెండరులో గడిని చేసేశావు అని నా స్నేహితురాలు ఒకామె దెబ్బలాడింది. ఆమెకు రథం బొమ్మ ఇష్టం, ఫోను తెర మీద పెట్టుకుంది. ప్రేమ దేవత అంటే కాస్త కాంతి ఉండాలి, నీ ప్రెందె మీ అమ్మమ్మలా ఉంది అంది. దానికి నేను ఏం చెప్పను? ఉంది మరి. చేతిలో సూది ఉండీ ఎత్తకుండా ఒక రోజంతా ఉండటం ఎవరినైనా ప్రేమించినందుకు తక్కువ గుర్తా? రథం మీద వచ్చే దేవతను చూసి చేతులు జోడించవచ్చు. ఆమె కోసం పని ఆపాలని మాత్రం ఎవరికీ అనిపించదు.

మర్నాడు శనివారం, నేను ఇంకా నిద్ర లేవకముందే తెతా తలుపు తట్టింది. చేతిలో కోటు, బొత్తాం కుట్టేసి ఉంది. కోటు బూడిదరంగు, దారం నల్లది. మంచి దారం మీ ఊళ్లో దొరకదు మోయ్ అని ఇటలీ మొత్తాన్ని తిట్టింది. కాఫీ పెట్టాను. శుక్రవారం సూది పడితే ఏమవుతుందని అప్పుడు అడిగాను.

“కళ్లలో గుచ్చుకుంటుంది.”

“ఎవరి కళ్లలో తెతా, కుట్టే వాళ్లకా?”

నా తెలివితక్కువతనానికి విసుక్కున్నట్టు చూసింది.

“శుక్రవారం కళ్లలో” అంది.